గర్భిణుల్లో ఈస్ట్ ఇన్‌ఫెక్షన్: సూట్‌కేసులో మాత్ర వేసుకునే ముందు

ఇండియా వెళ్లి వచ్చే మన సూట్‌కేసుల్లో ఆవకాయ, కారప్పొడులతో పాటు ఒక మందుల సంచీ కూడా ఉంటుంది. జ్వరానికి ఒకటి, గ్యాస్‌కు ఒకటి, దురదకు ఒకటి. ఈమధ్య మా సబ్‌డివిజన్‌లో ఉండే ఒకమ్మాయి ఫోన్ చేసింది. తనకు పదో వారం. "అక్కా, కింద ఒకటే దురద, మంట. అమ్మ ఇచ్చిన ఫ్లూకోనజోల్ 150 ఉంది. ఒక్క మాత్రతో పోతుందట, వేసుకోనా?" అని అడిగింది.

నేను డాక్టర్ని కాను. మైక్రోబయాలజీతో బీఎస్సీ చదివి, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే కన్న గృహిణిని. వేసుకోవద్దనీ, ముందు ఓబీ ఆఫీసులో నర్సుకు ఫోన్ చెయ్యమనీ చెప్పాను. ఎందుకు వద్దన్నానో ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న అడిగిన మొదటి అమ్మాయి తను కాదు.

మన ఇళ్లలో దీన్ని "తెల్లబట్ట అవుతోంది" అనో, "వేడి చేసింది" అనో అంటారు. నిజానికి కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట కాస్త ఎక్కువ కావడం మామూలే. పల్చగా, పాలలా ఉండి, దుర్వాసన, దురద లేకపోతే కంగారు పడనక్కర్లేదు. విరిగిన పాలలా, పెరుగు తరకల్లా గట్టిగా వస్తూ, విపరీతమైన దురద, ఎరుపు, మూత్రం తగిలితే మంట ఉంటే ఈస్ట్ అని అనుమానించాలి. దీనికి ఎక్కువగా కారణం కాండిడా అల్బికాన్స్ అనే ఫంగస్. ఇదేదో బయటి నుంచి వచ్చి పడేది కాదు. నూటికి 10 నుంచి 20 మంది ఆడవాళ్లలో ఏ బాధా పెట్టకుండా యోనిలో ఉంటూనే ఉంటుంది. అక్కడ దానికి కాపలా లాక్టోబాసిలస్ బ్యాక్టీరియా, అంటే మన పెరుగును తోడుపెట్టే వాటి బంధువులే. గర్భం వచ్చాక ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, దానితో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఎక్కువవుతుంది. వెచ్చదనం, తేమ, తిండి మూడూ దొరికితే ఏమవుతుందో ఎండాకాలంలో పొంగి గిన్నె దాటిన ఇడ్లీ పిండిని చూసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. మధ్యలో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కో, సైనస్‌కో యాంటీబయాటిక్ వాడితే కాపలా బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది. ఫంగస్‌కు ఆ మందుతో ఏమీ కాదు.

ఇది శుభ్రత లేక వచ్చే రోగం కాదు, భర్త నుంచి అంటుకున్న సుఖవ్యాధి అంతకన్నా కాదు. సీడీసీ అంచనా ప్రకారం ప్రతి నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. భర్తకు ఎరుపు, దురద లాంటివి లేకపోతే అతనికి మందు అక్కర్లేదు. ఈ ఒక్క మాట తెలియక ఇళ్లలో అనవసరమైన అనుమానాలు, అత్తగారితో ముభావాలు వచ్చిన సంగతులు నేను విన్నాను.

మరి షాపులో మందు దొరుకుతుంది కదా, పరీక్ష ఎందుకు? ఇక్కడ 1990లో క్లోట్రిమాజోల్‌ను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పటి నుంచి ఎవరికి వారే రోగం తేల్చుకుని కొనుక్కోవడం మొదలైంది. 2002లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఇలా కొనుక్కున్న 95 మందిని పరీక్షిస్తే, నిజంగా ఈస్ట్ మాత్రమే ఉన్నవాళ్లు మూడో వంతు మందే. మిగతావాళ్లలో చాలామందికి బ్యాక్టీరియల్ వజైనోసిస్ లాంటి వేరే సమస్యలు. అందులో పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో వస్తుంది. దానికి వాడేది యాంటీబయాటిక్, ఈస్ట్ క్రీము రాసుకుంటే తగ్గదు. నీళ్లలా కారుతుంటే అది ఉమ్మనీరు కూడా కావచ్చు. డాక్టరు చేసేది పెద్ద పరీక్షేమీ కాదు. దూదిపుల్లతో కాస్త తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మేము కాలేజీ ల్యాబులో చూసినట్టే, కొమ్మలు వేసిన ఈస్ట్ పోగులు కనిపిస్తాయి.

ఇక మందు సంగతి. గర్భిణులకు సీడీసీ 2021 మార్గదర్శకాలు చెప్పేది ఒక్కటే: క్లోట్రిమాజోల్, మైకోనజోల్ లాంటి అజోల్ మందులు లోపల పెట్టుకునేవే వాడాలి, అవి కూడా 7 రోజులు. మోనిస్టాట్ అనే మైకోనజోల్ ఇక్కడి షాపుల్లో 1, 3, 7 రోజుల ప్యాకెట్లుగా దొరుకుతుంది. ఒక్కరోజులో అయిపోతుంది కదా అని మొదటిది తీసుకోకండి, గర్భిణులకు 7 రోజులదే. రెండో రోజుకే దురద తగ్గినా మధ్యలో మానకూడదు. అప్లికేటర్ ఎంతవరకు పెట్టాలో నర్సును అడగండి, బలవంతంగా తొయ్యకండి.

ఫ్లూకోనజోల్ మాత్ర విషయానికి వస్తే, మొదటి మూడు నెలల్లో రోజుకు 400 నుంచి 800 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కువకాలం వాడితే బిడ్డకు అరుదైన అవకరాలు రావచ్చని ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. 2016లో డెన్మార్క్‌లో 14 లక్షల గర్భాల రికార్డులు చూసిన అధ్యయనం ఒకటి వచ్చింది. 150 మోతాదులో ఒకటి రెండు మాత్రలు వేసుకున్నవాళ్లలోనూ గర్భస్రావాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. మాత్రే కారణమని అది రుజువు చెయ్యలేదు. కానీ పైపూత మందు చేతిలో ఉండగా ఆ సందేహంతో బతకడం ఎందుకు? గర్భం అని తెలియక ముందే ఒక మాత్ర వేసుకున్న వాళ్లు మాత్రం బెంబేలు పడకండి. డాక్టరుకు ఆ తేదీ చెప్పండి, చాలు. ఈమధ్య వచ్చిన ఇబ్రెక్సాఫంజెర్ప్ మాత్ర, ఆన్‌లైన్‌లో అమ్మే బోరిక్ యాసిడ్ బిళ్లలు కూడా గర్భిణులు వాడకూడదు. ఇండియా నుంచి వచ్చే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన దురద క్రీములు ఇంకో తలనొప్పి. స్టెరాయిడ్ వల్ల దురద తగ్గినట్టు ఉంటుంది, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది.

పెరుగు తినండి, మంచిదే. లోపల పెట్టుకోకండి. వెల్లుల్లి, పసుపు, డెట్టాల్ నీళ్లు కూడా అంతే. లోపల కడగడం అసలు వద్దు, బయట మామూలు నీళ్లు చాలు. ఇక్కడి టాయిలెట్లలో మగ్గు పెట్టుకున్నా, టిష్యూ వాడినా ముందు నుంచి వెనక్కే శుభ్రం చేసుకోవాలి. రోజంతా బిగుతు లెగ్గింగ్స్ బదులు వదులైన కాటన్ బట్టలు నయం.

తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే షుగర్ సంగతి అడగండి. మన దక్షిణాసియా వాళ్లకు గర్భంలో వచ్చే షుగర్ ముప్పు ఎక్కువ. సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య ఆ తియ్యటి నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. ముందే చెయ్యాలా అన్నది మీ డాక్టరు చెబుతారు. నీళ్లు కారినా, రక్తం కనబడినా, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, పుండ్లు కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఫోన్ చెయ్యాలి.

ఇంగ్లీషులో ఇవన్నీ చెప్పడానికి మొహమాటపడి ఊరుకునే అమ్మాయిలు చాలామంది. భర్త పక్కనుండి అనువాదం చేస్తే సగం మింగేస్తారు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలని చట్టం ఉంది. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి, ఆడమనిషైతే బాగుంటుంది" అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ఫోన్లో కలుపుతారు.

బిడ్డకేమవుతుందన్నది అందరి భయం. మామూలుగా కడుపులో బిడ్డకు ఏమీ కాదు. కాన్పు సమయంలో అంటుకుంటే తర్వాత నోట్లో తెల్లటి పూత రావచ్చు. పాల మరకైతే తుడిస్తే పోతుంది, ఇది పోదు. దానికి ఇచ్చే నిస్టాటిన్ చుక్కల వెనక నాకిష్టమైన కథ ఉంది. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు ఆడవాళ్లు న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసేవారు, ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. మట్టి నమూనాలను పోస్టులో పంపుకుంటూ 1950లో దీన్ని కనిపెట్టి, రాష్ట్రం పేరే పెట్టారు. రాయల్టీ సొమ్ము పరిశోధనలకే ఇచ్చేశారు. అంతకు కొద్ది ఏళ్ల ముందు అదే రాష్ట్రంలో, లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, మనం నెల తప్పగానే వేసుకునేది అదే. పాపకు పూత వచ్చి, పాలిచ్చే తల్లికి చనుమొనల దగ్గర మంట ఉంటే ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి. ఒక్కరికే వాడితే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.