ఆరవ సెకనులో వచ్చిన కొనుగోలుదారు

2021 ఆగస్టు 12వ తేదీన స్వీడను దేశపు వస్త్రవ్యాపార సంస్థ హెచ్ అండ్ ఎమ్, కలకత్తాకు చెందిన సబ్యసాచి ముఖర్జీ రూపొందించిన దుస్తులను మన దేశములో అమ్మకానికి పెట్టినది. వాటిలో చీర వెల 9,999 రూపాయలు. ఇంటర్నెట్టు అంగడిలో సరకు నిమిషాలలోనే చెల్లిపోయినది. ఇట్టి అమ్మకములలో వస్తువు దక్కనివారు తమ వేళ్ల చురుకుదనము చాలలేదని తమను తామే నిందించుకోవడము సహజము. అది న్యాయమేనా? లెక్క వేసి చూద్దాము.

ఒక అంగడిలో 5,000 చీరలు ఉన్నవనీ, సెకనుకు 1,000 మంది వస్తున్నారనీ, అంగడి యంత్రము సెకనుకు 100 మందికే చీరలు ఇవ్వగలదనీ అనుకుందాము. సరకు 50 సెకన్లలో ముగుస్తుంది. అప్పటికి వచ్చినవారు 50,000 మంది. ఉత్తచేతులతో మిగిలేవారు 45,000 మంది. మద్దిలపాలెములో ఒక విద్యార్థిని ఆరవ సెకనులో ఫోను నొక్కినదనుకోండి. అప్పటికే ఆమె ముందు 5,000 మంది వరుసలో చేరి ఉన్నారు. అంగడి ఇంకా 45 సెకన్లు తెరిచియే ఉంటుంది. కాని ఆమెకు చీర రాదు. ఇందులో ఆమె లోపమేమియు లేదు.

ఈ వరుసల గణితమునకు పునాది వేసినవాడు డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో పనిచేస్తూ, ఒకేసారి వచ్చిపడే పిలుపులను గూర్చి 1909లో ఆయన తన తొలి వ్యాసమును ప్రకటించినాడు.

లెక్క తెలిసినా మనసు ఎందుకు బాధపడుతుంది? అమెరికాలో స్టీఫెన్ వర్చెల్, ఆయన సహచరులు 1975లో ప్రకటించిన ప్రయోగము దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది. కొందరికి పది బిస్కట్లున్న జాడీని, కొందరికి రెండే ఉన్న జాడీని చూపినారు. బిస్కట్లు ఒకే రకమైనవి. అయినా రెండున్న జాడీలోని బిస్కట్టే ఎక్కువ కోరదగినదిగా తోచినది. ఇతరులు ఎగబడినందువల్ల పది కాస్తా రెండైనప్పుడు ఆ కోరిక ఇంకను పెరిగినది. రుచి మాత్రము మెరుగైనదని ఎవరును చెప్పలేదు!

కనుక కొరత రెండు విధములు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రపరచి, చేతితో సన్నని నూలు వడికి, చేమగ్గముపై ఖద్దరు నేస్తారు. అక్కడి కొరతకు కారణము పట్టే శ్రమ, కాలము. యంత్రముపై ఎన్నైనా తయారుకాగల వస్త్రమును ఇన్నే అమ్ముదుమని నిర్ణయించినప్పుడు ఆ కొరత వర్తకుడు కల్పించినది. అట్టి వస్త్రమును అమ్మకము ముగిసిన పిదప ఇతరుల వద్ద రెట్టింపు ధరకు కొనేవారు, అధికముగా చెల్లించేది బట్టకు కాదు, కొరతకు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 40 మంది విద్యార్థులు, 8 సుద్దముక్కలు చాలును. చప్పట్లు కొట్టిన ప్రతిసారి ఐదుగురు వరుసలో చేరవలెను. ముందున్న ఒక్కరికే ముక్క ఇవ్వవలెను. మూడవ చప్పట్లకు చేరినవారికి, గురువుగారి చేతిలో ఇంకా ఆరు ముక్కలు కనబడుతున్నా, ఒక్కటియు దక్కదు. ఎందుకో విద్యార్థులనే చెప్పమనండి.