పది అక్షరాల్లో ఎనిమిది గణాలు

తెలుగు బడిలో ఛందస్సు పాఠం మొదలైతే ముందు వినిపించేది ‘యమాతారాజభానసలగం’. దీనికి అర్థం వెతికితే దొరకదు. కానీ మూడక్షరాల గణాలు ఎనిమిదీ ఇందులోనే ఉన్నాయి. య గణం ఏదో మరిచిపోతే య దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు చదవాలి: యమాతా. లఘువు, గురువు, గురువు. ర గణానికి రాజభా: గురువు, లఘువు, గురువు. న గణానికి నసల: మూడూ లఘువులే. చివరి ల, గం లఘు గురువుల గుర్తులు.

విడివిడిగా రాస్తే 24 అక్షరాలు పట్టే పని పదింటిలో ముగిసింది. ఇలాంటి వరుసలను గణితంలో డచ్ శాస్త్రవేత్త డి బ్రూయిన్ పేరుతో పిలుస్తారు. వాటిపై ఆయన వ్యాసం 1946లో వెలువడింది.

పాఠాన్ని ఇలా సులువుగా గుర్తుపెట్టించడం లాటిన్ నేర్పే పంతుళ్లకూ అవసరమే. 1199 ప్రాంతంలో ఫ్రాన్స్ పండితుడు అలెగ్జాండర్ లాటిన్ వ్యాకరణాన్ని ‘డాక్ట్రినాలే’ పేరుతో పద్యాల్లో రాశాడు. ఇంగ్లిష్ బడుల్లో ‘సిడ్ స్పేస్’ అనే మాట నేర్పుతారు. సబ్, ఇన్, డే, సినే, ప్రో, అబ్, కుమ్, ఎక్స్ అనే లాటిన్ మాటల మొదటి అక్షరాలవి. వీటితో వచ్చే నామానికి ఆబ్లేటివ్ విభక్తి చేర్చాలి. అయితే కదలికను చెప్పేటప్పుడు సబ్, ఇన్‌లతో వేరే విభక్తి వస్తుంది. ఆ సంగతి ‘సిడ్ స్పేస్’ చెప్పదు. యమాతా సూత్రంలో నియమమే ఇమిడి ఉంది, ఇందులో ఉన్నది జాబితా మాత్రమే.

మన విభక్తులూ జాబితాగానే నోటికి వస్తాయి. డు, ము, వు, లు ప్రథమ. ని, ను ద్వితీయ. చేత, తోడ తృతీయ... ఇలా సంబోధన దాకా పిల్లలు గడగడా అప్పజెబుతారు. చిక్కు తర్వాత వస్తుంది.

కోరాపుట్–రాయగడ రైలుదారిలోని టికిరి వంటి చోట అది స్పష్టంగా కనిపిస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇక్కడ తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. ఒడియాలో ఇల్లు ‘ఘర’, ఇంటికి ‘ఘరకు’, ఇంటి నుంచి ‘ఘరరు’, ఇంట్లో ‘ఘరరే’. తెలుగులోనూ ‘కు’ ఉంది. కానీ వ్యాకరణకర్త చిన్నయసూరి బాటలో సాగే మన వ్యాకరణం దాన్ని షష్ఠిలో చేర్చింది. ఒడియా వ్యాకరణం ద్వితీయలో, చతుర్థిలో చూపుతుంది. విభక్తుల అంకెలు మాత్రమే కంఠస్థం చేసిన పిల్లవాడు ఇక్కడ తడబడక తప్పదు.

అందుకే జాబితా వల్లించిన వెంటనే ఒకే పేరును అన్ని విభక్తుల్లో నడిపించాలి. రాముడు వచ్చాడు. రాముని పిలిచాను. రామునితో వెళ్లాను. రాముని కొరకు ఆగాను. రాముని కంటె చిన్నవాణ్ణి. రామునికి ఇచ్చాను. రామునియందు నమ్మకముంది. ఓ రామా!

రెండు భాషలున్న తరగతిలో ప్రతి తెలుగు వాక్యం పక్కన ఒడియా వాక్యాన్నీ పిల్లల చేతే రాయించండి. విభక్తి అంకె ఆ తర్వాత చెప్పినా ఆలస్యం కాదు.