ముదిమికై దాచిన సొమ్ము ఎవరి పెట్టెలో నున్నది?

ఎక్కడనో యొక విమాన కంపెనీ దివాలా తీయుటకును, అంబాజీపేటలో కొబ్బరిచెట్ల నీడను కాపురముండు గృహిణికిని సంబంధమేమని మీలో పెక్కురు తలంపవచ్చును. ఇటీవలి వరకు నేనును అట్లే తలంచితిని.

మా వీథిలో నొక వృద్ధురాలు కలరు. వరుస లేకున్నను నేనామెను పిన్నిగారని పిలుతును. ఆమె యేకైక కుమారుడు శంషాబాదు విమానాశ్రయమున ఒక కంపెనీలో ప్రయాణికుల సామానులు తూచి టిక్కెట్లు పరీక్షించు నుద్యోగము పదునొకండేండ్లు చేసెను. ఆ కంపెనీ విమానము లొకనాడు నిలిచిపోయినవి. కొన్నాళ్లకు పిన్నిగారు కాగితములు కొన్ని కొంగున చుట్టుకొని మా యింటికి వచ్చి, "అమ్మాయీ! మావాడికి రావలసిన బాకీ లేమైనా ఉంటే ఇందులో రాసి పంపాలిట. గడువు దాటితే ఎవరూ వినరుట. జీతం పోతే పోయింది, ముసలితనంలో వచ్చే పింఛను కూడా పోతుందా?" అని యడిగిరి. పంచకావ్యములు చదివితినని నాకు లోలోపల కొంచెము గర్వము కలదు. అది యానాడు అణగినది. ఆ ప్రశ్నకు నాకు సమాధానము తెలియదు. పిమ్మట చదివియు, మావారి నడిగియు, లెక్కలు తెలిసినవారిచే చెప్పించుకొనియు నేను గ్రహించిన దానిని మీకు నివేదించుచున్నాను.

ముందుగా మా ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలెను. దింపు దీయించిన కాయల సొమ్మును వెంటనే చేత పుచ్చుకొనక, వ్యాపారి పద్దులో నిలువయుంచి, పిల్ల పెండ్లికో, ఇంటి మరమ్మతుకో తీసికొను వాడుక ఇచ్చటి కుటుంబములలో చిరకాలముగా నున్నది. నా చిన్నతనమున మా పుట్టింటివారి యెరుకలో నొక కొబ్బరి వ్యాపారి ఐ.పి. పెట్టెను. ఆ కొట్టు తలుపులు తెరచిననాడు జరిగినది నాకింకను కన్నులకు గట్టినట్లున్నది. ఒక వితంతువు తన కాయలను కురిడీ కట్టుటకై ఆ కొట్టు అటకమీద విడిగా, తన గుర్తుతో పెట్టించుకొన్నది. ఆమె కాయలు ఆమెకు తిరిగి వచ్చినవి. సొమ్మును పద్దులో వ్రాయించుకొన్నవారు మాత్రము బ్యాంకు వెనుకను, పెద్ద యప్పులవారి వెనుకను నిలువబడి, చివరకు రూపాయకు అణాలు పుచ్చుకొని యిండ్లకు మరలిరి. ఇరువురును ఆ వ్యాపారినే నమ్మిరి. ఒకరి యాస్తి అతని కొట్టులో నుండియు వేరుగా నున్నది. మరియొకరిది అతని యాస్తిలో కలిసిపోయినది. విమాన కంపెనీల పింఛనుల చిక్కంతయు ఈ భేదములోనే యున్నది.

జెట్ ఎయిర్‌వేస్ అను కంపెనీ 1993 మే నెలలో ఎగురుట ప్రారంభించి, కొన్నేండ్లలో దేశమున మేటి కంపెనీలలో నొకటి యయ్యెను. మన రాజమహేంద్రవరము చెంత మధురపూడికిని దాని విమానములు వచ్చుచుండెడివి. అప్పులు పేరుకొని, బ్యాంకులు ఇక నీయజాలమనగా, 2019 ఏప్రిలు 17వ తేదీ రాత్రి అమృతసరమునుండి బొంబాయి చేరిన విమానముతో దాని యాట ముగిసినది. వేలకొలది కుటుంబములకు జీతములు లేకపోయెను. జూన్ 20వ తేదీన బొంబాయిలోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు దివాలా వ్యవహారమును విచారణకు స్వీకరించినది. రెండేండ్ల పిమ్మట, 2021 జూన్ 22న, జలాన్-కాల్‌రాక్ కూటమి యను వారు ఆ కంపెనీని నిలబెట్టుదుమని చూపిన ప్రణాళికకు ట్రిబ్యునలు సమ్మతించెను.

ఆ ప్రణాళికలో ఉద్యోగులకు దక్కునది స్వల్పము. అయినను వారు ఊరకుండలేదు. "మా ప్రావిడెంటు ఫండును, గ్రాట్యుటీయును కంపెనీ యాస్తి కాదు, దానిని మీరు పంచుకొనరాదు" అని అప్పిలేటు ట్రిబ్యునలున వాదించిరి. 2022 అక్టోబరు 21న ఆ న్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పి, విచారణ మొదలైన నాటివరకు రావలసిన ఫండును గ్రాట్యుటీయును పూర్తిగా చెల్లింపవలెనని యాజ్ఞాపించెను. కూటమివారు సుప్రీంకోర్టుకు పోగా, 2023 జనవరి 30న అచ్చటను వారి మాట చెల్లలేదు.

కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న మీకు జ్ఞాపకముండును. ముందు తన్ను తానే యోడినవానికి వేరొకరిని పణముగా నొడ్డు నధికార మెక్కడిదని యామె యడిగెను. పెద్దలు తలలు వంచిరే గాని బదులు చెప్పలేకపోయిరి. ఈ యొక్క విషయమున మన 2016 నాటి దివాలా స్మృతి బదులు చెప్పినదని నా కనిపించుచున్నది. దాని 36వ విభాగము, ప్రావిడెంటు ఫండు, పింఛను ఫండు, గ్రాట్యుటీ ఫండులనుండి పనివారికి రావలసిన సొమ్ము, అప్పులవారు పంచుకొను ఆస్తిలో చేరదని చెప్పుచున్నది. నిలిచిపోయిన జీతముల సంగతి వేరు. 53వ విభాగమున నొక వరుస కలదు. తొలుత విచారణ ఖర్చులు. పిమ్మట కార్మికుల 24 నెలల బాకీలును, తాకట్టు గల బ్యాంకుల బాకీలును సమానముగా. ఆ పిమ్మటనే తక్కిన యుద్యోగుల 12 నెలల జీతములు. ముందువారు తినగా మిగిలినదే వెనుకవారి విస్తరిలో పడును.

ఇంతవరకు విన్నవారు ఉద్యోగులు గెలిచిరని సంతసింతురు. నేనును సంతసించితిని. కాని తీర్పు వేరు, సొమ్ము వేరు. కూటమివారు తొలివిడతగా తేవలసిన 350 కోట్ల రూపాయలను సక్రమముగా తేలేదనియు, ఉద్యోగుల బాకీలు తీరనేలేదనియు గ్రహించి, సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న ఆ ప్రణాళికను రద్దుచేసి, కంపెనీ యాస్తులను అమ్మివేయుడని యుత్తరువిచ్చెను. విమానములు నిలిచి అప్పటికి అయిదేండ్లు దాటినది. అయిదేండ్లలో ఒక పిల్లవాడు పలకాబలపము విడిచి పరీక్షలు వ్రాయు వయసునకు వచ్చును. ఆ యింటి యద్దెలు, పాలఖాతాలు న్యాయస్థానపు వాయిదాలకై వేచియుండునా?

జెట్ ఒక్కటియే కాదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో నిలిచినది. విజయవాడ ముఖ్యస్థానముగా 2013లో ఆరంభమైన ఎయిర్ కోస్టా మన తెలుగువారి సొంత విమాన కంపెనీ యని మనమెంతయో మురిసితిమి. అది 2017 ఫిబ్రవరి 28న ఎగురుట మానెను. గో ఫస్టు 2023 మే నెలలో ఆగి, 2025 జనవరిలో అమ్మకమునకు వచ్చినది. విమానములు చాలవరకు అద్దెకు తెచ్చినవే యగుటచే, కంపెనీ పడిపోగానే అద్దెవారు వానిని తీసికొని పోదురు. ఇక అమ్ముటకు మిగులునదేమి?

సంపన్న దేశములలో నిట్లుండదని కొందరందురు. అమెరికాలో స్టూడిబేకరను మోటారు బండ్ల కర్మాగారము 1963లో మూతపడగా, అందు చిరకాలము పనిచేసిన నాలుగువేల మందికి పైగా తమకు రావలసిన పింఛనులో నూటికి 15 పాళ్లు మాత్రమే పొందిరి. ఆ గగ్గోలు ఫలితముగా 1974లో నచ్చట నొక చట్టము పుట్టి, కంపెనీలు చెల్లించు రుసుములతో నడచు పింఛను హామీ సంస్థ యేర్పడెను. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ అను గొప్ప విమాన కంపెనీ 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరినది. 2005 మే 10న న్యాయాధికారి దాని పింఛను పథకములను రద్దుచేయుటకు సమ్మతించెను. లోటు 980 కోట్ల డాలర్లు. అందు హామీ సంస్థ 660 కోట్లు భరించునని లెక్కవేసిరి. తక్కినది పనివారి నష్టము. అచ్చట కుండ వేరుగానే యున్నది గాని అందు సగము వెలితి! కంపెనీ మాట యిచ్చినంత సొమ్మును కుండలో పోయలేదు. విమానము నడుపువారి కష్టము మరింత విచిత్రము. ఆనాటి చట్టము వారిని 60 ఏండ్లకే పని మానుమన్నది. హామీ సంస్థ గరిష్ఠముగా నిచ్చునది, అనగా 2005లో సాలుకు సుమారు 45,600 డాలర్లు, 65 ఏండ్లవారికే; అంతకు ముందే విరమించినవారికి అందులో కోత. ఒక చట్టము ఇంటికి పొమ్మనుట, మరియొక చట్టము ఏల తొందరగా వచ్చితివని దండించుట!

మన దేశపు ఏర్పాటు వేరు తీరుది. 1952 నాటి చట్టముతో నేర్పడిన పద్ధతిలో ఉద్యోగి జీతమునుండి నూటికి 12 పాళ్లు, యజమాని మరి 12 పాళ్లు నెలనెలా ప్రావిడెంటు ఫండు కార్యాలయమునకు కట్టవలెను. 1995 నవంబరులో పింఛను పథకము వచ్చినప్పటినుండి యజమాని వంతులో 8.33 పాళ్లు పింఛనునకు మరలింపబడుచున్నది. 2014 సెప్టెంబరున ఈ లెక్కకు జీతపు పరిమితిని 15,000 రూపాయలు చేసిరి; అనగా నెలకు 1,250 రూపాయలు. పదేండ్ల సేవ నిండినవారికి 58వ యేట పింఛను. కట్టిన సొమ్ము కంపెనీ చేతిలో నుండదు గనుక, కంపెనీ మునిగినను అది మునుగదు. అటకమీది కురిడీ కాయయే యనుకొనుడు. కట్టని సొమ్మో? అది పద్దులోని సొమ్మే. ఉద్యోగి జీతమునుండి కోసిన భాగమును కట్టకుండుటను శిక్షాస్మృతి నమ్మకద్రోహముగా నెంచుచున్నది గాని, కంపెనీ యే లేనినాడు శిక్షతో పిల్లల కడుపు నిండదు గదా.

కొన్ని పెద్ద సంస్థలు ఫండును తమ సొంత ట్రస్టులలో నుంచుకొనుట కలదు. ఎయిరిండియా వారును దశాబ్దములపాటు అట్లే చేసి, టాటాలకు అమ్ముడుపోవుటకు కొంచెము ముందు, 2021 డిసెంబరు 1 నుండి తమ యుద్యోగులను కేంద్రపు ఫండు సంస్థలో చేర్చిరి. అమ్మకమునకు మునుపే ఆ పని జరుగుట నాకు వివేకముగా తోచినది.

ఈ వ్యాసమునకై కాగితములు పరచుకొని కూర్చుండగా మావారు, "మా సంగతి చూడవేమి?" అని నవ్విరి. మా మామగారు బడిపంతులుగా నుండి విరమించిరి. ఆయన పింఛను పాతపద్ధతిది. 2004 సెప్టెంబరు 1 తరువాత మన రాష్ట్రమున నుద్యోగమున చేరిన ఉపాధ్యాయులకు నెలనెలా జీతమునుండి పాలు కట్టు పద్ధతి వచ్చినది. మావారు వీరిలోనివారు. ఒకే యింట, ఒకే వృత్తి, తండ్రికొక తీరు, కొడుకున కొక తీరు. మా అత్తగారికి కుటుంబ పింఛను నియమములు కంఠస్థము; నాకు మావారి ఖాతా సంఖ్యయైన తెలియదని యానాడే తెలిసినది. ఆ చర్చ మరొకప్పుడు.

పిన్నిగారి కాగితములకు మరల వత్తును. వారి కుమారుని ఫోనులోని ఉమంగ్ అను దానిని తెరచి, ఫండు పాసుపుస్తకమును జీతపు చీటీలతో సరిచూచితిమి. చివరి యేడు నెలలు చీటీలో కోత కనబడుచున్నది. పాసుపుస్తకమున జమ లేదు. రెండు కాగితములు వ్రాసితిమి. నిలిచిన జీతము, గ్రాట్యుటీ, ఆ యేడు నెలల ఫండు వివరించుచు దివాలా వ్యవహారము చూచు అధికారికి బాకీ పత్రమొకటి. జమకాని నెలలను గూర్చి ఫండు కార్యాలయమునకు ఫిర్యాదు మరియొకటి. జీతపు చీటీల నకళ్లు రెంటికిని జతచేసితిమి. ఆ చీటీలను పారవేయక సంవత్సరములవారీగా దారముతో గుచ్చి యుంచినది ఆ యింటి కోడలు. అవి లేకున్న మేము వ్రాసినది వట్టి మాట యయ్యెడిది.

గ్రాట్యుటీ విషయమున పిన్నిగారికి నేను గట్టి యాశ కల్పించలేదు. 1972 నాటి చట్టము ప్రకారము అయిదేండ్లు పనిచేసినవారికి ఏడాదికి 15 దినముల జీతము చొప్పున రావలసియుండెను. కాని కంపెనీ యందుకు వేరే నిధి నేర్పరచని యెడల, ఎక్కడినుండి ఇయ్యవలెనను వాదము న్యాయస్థానములలో పలుమారులు నడచినది.

"మరి పింఛనో?" అని యామె యడిగిరి. పదేండ్లు నిండినవి గనుక అది పోదంటిని. ఎంత వచ్చునని యడుగగా లెక్క వేసితిని. 15,000లను పదునొకండిటితో హెచ్చించి 70చే భాగించితిమి. సాధారణపు పరిమితిలో నున్నవానికి, ఎంత యెక్కువగా చూచినను, 2,357 రూపాయలకు మించదు. పిన్నిగారు కొంతసేపు పలుకలేదు. తరువాత, "ఒక దింపు డబ్బు కూడా కాదే!" అనిరి. అనుటకు నాకేమియు తోచలేదు.

లేవబోవుచుండగా కోడలు, "వదినగారూ, ఇక్కడ మామగారి పేరుంది, ఎందుకండీ?" అని ఫోను చూపినది. అది సొమ్ము ఎవరికి చెందవలెనో తెలుపు గడి. పెండ్లికి ముందు ఉద్యోగమున చేరినప్పుడు ఆ యబ్బాయి తన తండ్రి పేరు వ్రాసియుండెను. ఆ తండ్రి గతించి యేండ్లయినది. పెండ్లియైన పిమ్మట అట్టి పాత పేరు చెల్లదనియు, భర్త గతించిన యెడల ఒక్క నెల పింఛను సొమ్ము కట్టియున్నను భార్యకు పింఛనును, 25 ఏండ్లవరకు ఇద్దరు పిల్లలకు కొంత భాగమును కలవనియు నేనప్పటికే చదివియుంటిని. ఆ రాత్రియే కోడలి పేరును, పిల్లల పేర్లను అందు చేర్చిరి. ఏడు నెలల సొమ్ము మాత్రము ఇంకను రాలేదు.