నంది కొండ మీద పొగమంచు



హిందూపురం, మడకశిర, బాగేపల్లి వైపు మనవాళ్ళు బెంగళూరు వచ్చినప్పుడు ఒక్కసారైనా నంది కొండ ఎక్కాలనుకుంటారు. నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరం, 1,478 మీటర్ల ఎత్తు. కొండంటే పైన మొనదేలి ఉంటుందనుకుంటాం. ఇక్కడ అలా కాదు. పైభాగం వెడల్పుగా ఉండి, తోటలు, గుడి, అమృత సరోవరమనే కోనేరు కూడా ఉన్నాయి.

ఆ వెడల్పే నడిచేవారిని ఏమరుస్తుంది. గాలి కొండనెక్కేకొద్దీ చల్లబడి, అందులోని తేమ సన్నని నీటిబొట్లుగా మారుతుంది. అదే పొగమంచు. అది కమ్మితే పదడుగుల అవతల ఏముందో తెలియదు. నేల ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. అంచు మాత్రం నిట్టనిలువు బండ.

బ్రిటన్‌లోనూ ఇలాంటి వెడల్పాటి కొండలున్నాయి. పూర్వం హిమనదాలు చుట్టూ లోయలను తొలిచేశాయి. పైన నేల ఊబిలా మెత్తగా ఉంటుంది. అక్కడ అనుభవమున్నవారు దిక్సూచి లేకుండా నడవరు. మన దగ్గర హిమనదాలు లేవు గాని, జాగ్రత్త ఒక్కటే.

మంచు లేని రోజైనా బండలను నమ్మకూడదు. 2022 ఫిబ్రవరిలో ఈ కొండల్లోనే, బ్రహ్మగిరి బండల దగ్గర ఒక విద్యార్థి సుమారు 300 అడుగులు జారిపోయాడు. వైమానిక దళం హెలికాప్టరు వచ్చి అతణ్ణి పైకి తీసింది.

అందుకే నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు మూడు మాటలు చెబుతాను. దారి విడవొద్దు. మంచు కమ్మితే ఉన్నచోటే కూర్చోండి. ఎండ ముదిరితే చాలాసార్లు అదే విడిపోతుంది. పాచి పట్టిన తడిబండ మీద కాలు పెట్టొద్దు.

దారి విడవొద్దనడానికి మరో కారణముంది. వానాకాలంలో కొండ మీద పడిన నీళ్ళన్నీ ఒక్కసారిగా జారిపోవు. గడ్డివేళ్ళు, మట్టి, రాతిచీలికలు వాటిని పట్టి ఉంచి, కొద్దికొద్దిగా ఊటలుగా వదులుతాయి. అడ్డదారుల్లో తొక్కితే గడ్డి చస్తుంది, మట్టి కొట్టుకుపోతుంది, ఊట తగ్గుతుంది.

ఈ నంది కొండల వరుసలోనే మన పెన్న పుడుతోంది. చిత్రావతి, పాపఘ్ని కూడా ఈ వైపు నుంచే వచ్చి పెన్నలో కలుస్తాయి. అనంతపురం, కడప దాటి నెల్లూరు దాకా పోయే నీటికి మొదలు ఇక్కడే. కరువు చూసిన మనకు ఊట విలువ వేరే చెప్పాలా? ఈసారి కొండెక్కినప్పుడు కాళ్ళ కింద నేలను కూడా ఒకసారి చూసి నడవండి.