మతిమరుపు జాడ బ్యాంకు పుస్తకంలో

ముప్పై ఏళ్లపాటు గడువుకు ముందే కరెంటు బిల్లు కట్టిన పెద్దాయన వరుసగా రెండు నెలలు మర్చిపోతే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మనవళ్ల పేర్లు గుర్తున్నాయి, పాత సంగతులు పూసగుచ్చినట్టు చెబుతున్నారు, వేళకు భోజనం చేస్తున్నారు. ఇంకేం కావాలి? కానీ ఆగి చూడాల్సింది ఆ రెండు బిల్లుల దగ్గరే అంటున్నాయి పరిశోధనలు.

2020లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు కలిసి, ఒంటరిగా ఉంటున్న 81 వేల మందికి పైగా వృద్ధుల వైద్య బీమా రికార్డులనూ అప్పుల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూశారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని డాక్టరు తేల్చడానికి ఆరేళ్ల ముందు నుంచే కొందరు బిల్లులు కట్టడం తప్పసాగారు. రెండున్నరేళ్ల ముందు నాటికి వాళ్ల క్రెడిట్ స్కోరు పడిపోయింది. కీళ్లవాతం, గ్లాకోమా, గుండెపోటు వంటి జబ్బులు వచ్చినవాళ్లలో ఇలా ఏళ్ల ముందు నుంచీ సాగే తడబాటు కనిపించలేదు. అంటే జబ్బు పేరు తెలిసేనాటికే ఇంటి డబ్బుకు కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది.

ముందుగా డబ్బు దగ్గరే ఎందుకు తప్పుతుంది? అలబామా విశ్వవిద్యాలయంలో డేనియల్ మార్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ ప్రశ్న వెంటే పడ్డారు. నాణేలు లెక్కపెట్టడం, చిల్లర సరిచూడడం, చెక్కు రాయడం, బ్యాంకు స్టేట్‌మెంటు చదివి అర్థం చేసుకోవడం, మోసపు ఉత్తరాన్ని పసిగట్టడం... ఇలా ఒక్కొక్క పనినీ విడివిడిగా కొలిచే పరీక్షను తయారు చేశారు. చిల్లర లెక్క చాలాకాలం నిలుస్తుంది. స్టేట్‌మెంటు దగ్గరా, మోసపు ఉత్తరం దగ్గరా తడబాటు చాలా ముందే మొదలవుతుంది. పాత అంకె గుర్తుంచుకుని, కొత్త అంకెతో పోల్చి, అవతలివాడి ఉద్దేశం అంచనా వేసి, తొందరను ఆపుకోవడం అన్నీ ఒకేసారి జరగాలి. నుదుటి వెనక ఉండే మెదడు భాగానికి ఇంతకంటే కష్టమైన రోజువారీ పని ఇంకొకటి లేదనే చెప్పవచ్చు.

ఏ జబ్బూ లేని వృద్ధాప్యంలోనూ ఈ మార్పు కొంత ఉంటుంది. కొత్త సమస్యను అప్పటికప్పుడు విప్పే చురుకు యవ్వనం దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. అనుభవం మాత్రం పెరుగుతూ పోతుంది. సుమిత్ అగర్వాల్, డేవిడ్ లైబ్సన్ తదితర ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండూ కలిసొచ్చే వయసు తేలింది. అప్పులు, క్రెడిట్ కార్డుల విషయంలో మనుషులు అతి తక్కువ పొరపాట్లు చేసేది సుమారు 53 ఏళ్ల దగ్గర. మన దగ్గర చాలామంది జీవితంలో అతి పెద్ద మొత్తాన్ని, అంటే రిటైర్‌మెంట్ డబ్బునో పొలం అమ్మిన డబ్బునో, చేతిలోకి తీసుకునేది ఆ వయసు దాటాకే.

ఇంకొకటీ ఉంది. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ టేలర్ బృందం పెద్దవాళ్లకూ, వయసులో ఉన్నవాళ్లకూ కొన్ని ముఖాలు చూపించింది. నమ్మదగినవిగా కనిపించే ముఖాల విషయంలో రెండు వర్గాల అంచనా దాదాపు ఒకటే. అనుమానం రేకెత్తించే ముఖాలను మాత్రం పెద్దవాళ్లు కాస్త ఎక్కువగా నమ్మారు. 'ఇక్కడేదో తేడాగా ఉంది' అన్న భావనకు తోడ్పడే ఇన్సులా అనే మెదడు భాగం వాళ్లలో తక్కువగా స్పందించింది. కాబట్టి మోసపోయిన పెద్దలను 'ఆశపోతు' అనో 'తెలివితక్కువ' అనో అనడం అన్యాయం. ఆ మాటకు భయపడే చాలామంది నష్టాన్ని దాచుకుంటారు.

'డిజిటల్ అరెస్టు' నేరగాళ్లు ఆడుకునేది సరిగ్గా ఈ బలహీనతతోనే. పార్శిల్‌లో మత్తుమందు దొరికిందనో, ఆధార్ మీద కేసు ఉందనో వీడియో కాల్ మొదలవుతుంది. యూనిఫాం, వెనక గోడమీద చిహ్నం, గంటల తరబడి ఫోను పెట్టకూడదన్న ఆజ్ఞ, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్న బెదిరింపు. భయం, తొందర, ఒంటరితనం మూడూ కలిస్తే వయసులో ఉన్నవాళ్లకే ఆలోచన సాగదు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేస్తే, అది ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. అందుకే ఆ మొదటి గంటలో ఇంట్లోవాళ్లు తిట్లు మాని ఫోను అందుకోవాలి.

బయటి దొంగ సంగతి అలా ఉంచితే, ఒక్క సంతకంతో ఇంట్లోవాళ్ల చేతిలోనే ఆస్తి పోయే సందర్భాలు ఎక్కువ బాధపెడతాయి. "నీకెందుకు నాన్నా ఈ తలనొప్పి, నా పేర రాసెయ్, నేను చూసుకుంటాను" అన్న మాట ప్రేమతోనే రావచ్చు. అయినా వీలునామాకూ దాన సెటిల్‌మెంట్ దస్తావేజుకూ ఉన్న తేడా ప్రతి తల్లికీ తండ్రికీ తెలిసి తీరాలి. వీలునామా బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. సెటిల్‌మెంట్ రిజిస్టరైతే ఇల్లు అప్పుడే చేతులు మారినట్టు.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేసే అధికారాన్ని 23వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. అర్జీ పెట్టాల్సింది ఆర్డీవో దగ్గర. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు ఉదారంగా చూసింది. కొడుకు రాసిచ్చిన హామీ పత్రాన్ని దాన దస్తావేజుతో కలిపి చదివి, ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించమంది. అంతదూరం వెళ్లే ఓపిక ఎందరికుంటుంది? దస్తావేజులోనే 'మమ్మల్ని చూసుకునే షరతు మీద' అన్న ఒక్క వాక్యం రాయించుకోవడం తేలిక.

చాలామందికి తెలియని చిక్కు మరొకటి. పెద్దాయన ఇచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఆయన మతిస్థిమితం కోల్పోతే చెల్లదు. దాని అవసరం అసలు పడే రోజునే అది పనికిరాకుండా పోతుందన్నమాట. అందుకే తెలివిడి బాగున్నప్పుడే ఇంటి ఖర్చుల ఖాతాను నమ్మకమైన మనిషితో 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగేలా, ఉమ్మడి చేయడం మేలు. దాచుకున్న పెద్ద మొత్తాలు మాత్రం విడిగా, పెద్దవాళ్ల పేరునే ఉండనివ్వాలి. బ్యాంకు మెసేజీలు రెండు ఫోన్లకూ వచ్చేలా చూస్తే ఎవరి పెత్తనమూ లేకుండానే కాపలా కుదురుతుంది.

ఇక మెదడు సంగతి. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. పద్నాలుగు కారణాలను జీవితాంతం అదుపులో ఉంచగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపవచ్చు లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ చెప్పింది. వాటిలో వినికిడి లోపం ఒకటి. సరిగా వినబడని మనిషి ఫోనులో అవతలివాళ్లు అడిగినదానికల్లా 'సరే' అనేస్తాడు కాబట్టి అది డబ్బుకూ ముప్పే. డెబ్బై దాటినవాళ్లపై అమెరికాలో మూడేళ్లు జరిగిన పరీక్షలో వినికిడి యంత్రం అందరికీ ఒకేలా మేలు చేయలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం ఆలోచనాశక్తి క్షీణతను 48 శాతం నెమ్మదింపజేసింది. కళ్లజోడుకు లేని నామోషీ చెవి యంత్రానికి ఎందుకో!

హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన పరిశోధన తెలుగువాళ్లు గర్వపడదగ్గది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగూ దక్కనీ కలిపి బేరమాడే బజారు మనిషికి చదువు లేకున్నా మెదడుకు కసరత్తు ఉందన్నమాట.

లెక్క తప్పిన ప్రతి పెద్దమనిషికీ డిమెన్షియా ఉన్నట్టు కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు కూడా అచ్చం మతిమరుపులాగే కనబడతాయి. మొదటి రెండింటికీ మామూలు రక్తపరీక్షలు చాలు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, షాపులో సొంతంగా కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసుకెళ్లాలి. బిల్లులు ఎప్పటినుంచి తప్పుతున్నాయో డాక్టరు అడగకపోయినా చెప్పాలి.