బిడ్డ దినచర్యలో వీధికీ భాగముంది

పసిపిల్లల పెంపకం గురించి రాసే పుస్తకాలు చాలావరకు ఇంటి గడప దాటవు. ఏ వేళకు నిద్ర లేపాలి, ఏం తినిపించాలి, ఎప్పుడు పడుకోబెట్టాలి అన్న ప్రశ్నలన్నీ తల్లి దగ్గర మొదలై తల్లి దగ్గరే ముగుస్తాయి. అందువల్ల బిడ్డ వేళకు తయారుకాకపోయినా, తోడు లేకుండా నాలుగడుగులు వేయడానికి జంకినా నింద ఆమె నెత్తినే పడుతుంది. వేర్వేరు దేశాల కుటుంబాల దినచర్యను గమనిస్తే, పిల్లల రోజును తీర్చిదిద్దడంలో వీధికి ఎంత పాత్ర ఉందో అర్థమవుతుంది.

జపాన్‌లో పిల్లలు ఆరేళ్లు నిండాక ఏప్రిల్‌లో బడిలో చేరతారు. కొద్దిరోజులకే తల్లిదండ్రుల తోడు లేకుండా నడిచి వెళ్లడం మొదలుపెడతారు. వినగానే ఆ తల్లులది ఎంతటి గుండెధైర్యమో అనిపిస్తుంది. ఆ ధైర్యానికి వెనుక ఒక ఏర్పాటు ఉంది. చాలా ఊళ్లలో ఒకే పేట పిల్లలు ఉదయాన్నే నిర్ణీత స్థలంలో కలుసుకుని వరుసగా బయలుదేరుతారు. పై తరగతి విద్యార్థి ముందు నడుస్తాడు, చిన్నవారు అతని వెంట నడుస్తారు. వాహనాలు నడిపేవారికి దూరం నుంచే కనబడేలా మొదటి తరగతి పిల్లలకు పసుపుపచ్చ టోపీలు పెడతారు. రోడ్డు దాటేచోట పసుపు జెండా పట్టుకుని ఒక వృద్ధుడో, వంతు వచ్చిన ఒక తల్లో నిలబడి ఉంటారు. దారిలోని కొన్ని ఇళ్లకూ దుకాణాలకూ ‘పిల్లల 110’ అన్న గుర్తు అతికించి ఉంటుంది. 110 అక్కడి పోలీసుల ఫోన్ నంబరు. భయం వేసినా, ఎవరైనా వెంటపడినా ఆ తలుపు తట్టవచ్చునని పిల్లలకు ముందే నేర్పుతారు.

సాయంత్రానికీ ఒక కట్టుబాటు ఉంది. విపత్తు హెచ్చరికల కోసం అమర్చిన లౌడ్‌స్పీకర్ల నుంచి అనేక ఊళ్లలో రోజూ ఐదు గంటల ప్రాంతంలో ఒక పాట బాణీ వినిపిస్తుంది. పొద్దు త్వరగా కుంకే చలికాలంలో కొన్నిచోట్ల ఇంకాస్త ముందే మోగుతుంది. యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో దీనితో తెలుస్తుంది, ఆటలు చాలించి ఇల్లు చేరాలని పిల్లలకూ తెలుస్తుంది. చీకటి పడేవేళ పిల్లలను బయటికి పంపవద్దన్న దైవప్రవక్త (స) హితవు విని పెరిగిన మన ఇళ్లలో మగ్రిబ్ అజాన్ ఇదే పని చేస్తూ వచ్చింది. తల్లి గొంతు చించుకుని పిలవనక్కరలేదు, ఊరే పిలుస్తుంది.

పగలు ఇలా వీధులు దాటే బిడ్డ రాత్రి అమ్మానాన్నల మధ్య పడుకుంటుంది. జపనీయులు దీన్ని ‘నది అక్షరం’తో పోలుస్తారు. వారి లిపిలో నదిని తెలిపే అక్షరం మూడు నిలువు గీతలు, మధ్య గీత పొట్టిగా ఉంటుంది. పసివయసు నుంచే వేరే గదిలో పడుకోబెడితే స్వావలంబన అలవడుతుందని నమ్మేవారు అమెరికాలో చాలామంది ఉన్నారు. వారికి ఇది వింతగా తోచవచ్చు. రాత్రి దొరికిన ఆ నిశ్చింతే పగటి ధైర్యానికి ఆసరా అవుతుందని నాకు అనిపిస్తుంది.

అయితే ఇదంతా ఎవరి శ్రమతో సాగుతోంది? జెండా పట్టే వంతులు ఎక్కువగా తల్లులకే వస్తాయి. శిశు సంరక్షణ కేంద్రానికి వెళ్లే పసివాడి ఒంటి వేడి, నిద్ర, తిండి వివరాలను రోజూ ఒక పుస్తకంలో రాసి పంపేదీ సాధారణంగా తల్లే. ఉద్యోగం చేసే స్త్రీకి ఇది చిన్న భారం కాదు. జపాన్‌ను పొగిడేవారు ఎందుకో ఈ సంగతి దాటవేస్తారు.

మొరాకోలోని ఫెజ్, మర్రాకేష్ పాత పేటల్లో వీధి మరో విధంగా తోడ్పడుతుంది. తల్లి కలిపిన రొట్టెల పిండిని చెక్క పలక మీద పెట్టి, గుడ్డ కప్పి, పేటలోని ఉమ్మడి బట్టీకి చేర్చడం తరతరాలుగా పిల్లల పని. బట్టీవాడు ఏ రొట్టె ఏ ఇంటిదో చూడగానే పోల్చుకుంటాడు. పలక మోసుకొచ్చినవాడు ఎవరి బిడ్డో కూడా అతనికి తెలుసు. ఇళ్లలోకి గ్యాస్ పొయ్యిలు వచ్చాక ఈ బట్టీల అవసరం తగ్గుతోంది. దానితోపాటు పిల్లవాడికి ఒక బాధ్యతా, వీధిలో వాణ్ని ఎరిగిన ఒక పెద్దమనిషీ తగ్గిపోతున్నారు.

వీధి మారితే అదే దినచర్య ఎలా వికటిస్తుందో 1997లో న్యూయార్క్‌లో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. డెన్మార్క్‌లో పసిబిడ్డను తోపుడు బండిలో ఆరుబయట నిద్రపుచ్చడం మామూలు. తల్లిదండ్రులు లోపల కాఫీ తాగుతుంటే బండి కిటికీ అవతల ఉంటుంది. చలికాలంలోనూ ఈ అలవాటు మానరు. అక్కడి నుంచి వచ్చిన ఒక తల్లి 14 నెలల కూతురిని న్యూయార్క్‌లో ఒక రెస్టారెంటు వెలుపల అలాగే బండిలో ఉంచి లోపల కూర్చుంది. పోలీసులు ఆమెను, బిడ్డ తండ్రిని అరెస్టు చేశారు. పాపను కొన్ని రోజులపాటు తల్లికి దూరంగా ప్రభుత్వ సంరక్షణలో ఉంచారు. అభియోగాలు తర్వాత ఎత్తివేశారు. గల్ఫ్‌కో అమెరికాకో చిన్నపిల్లలతో తరలివెళ్లే మన కుటుంబాలకు ఈ ఉదంతం తెలిసి ఉండాలి. అలవాటు మనతో విమానమెక్కుతుంది, దానికి కాపలా కాసిన వీధి ఇక్కడే ఉండిపోతుంది.

ఇక మన పట్టణాల్లో మక్తబ్‌కు నడిచి వచ్చే చిన్నారులు తగ్గిపోతున్నారు. పది నిమిషాల దారికి కూడా తండ్రి మోటారు సైకిలో, కిక్కిరిసిన ఆటోనో కావలసి వస్తోంది. తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కాలిబాట కూడా లేని రోడ్డు మీద ఆరేళ్ల బిడ్డను ఎవరు వదులుతారు? కానీ అసర్ నమాజు ముగించుకుని మసీదు మెట్ల మీద కూర్చునే పెద్దలు ఏ పేటలోనైనా ఉంటారు. మక్తబ్ వేళకు ఒక వీధి పిల్లలంతా ఒకచోట చేరి కాస్త పెద్దవారి వెంట బయలుదేరితే, ఆ పెద్దల్లో ఇద్దరు కూడలి దగ్గర నిలబడితే చాలు. అవసరమైతే ఏ ఇంటి తలుపు తట్టాలో పిల్లలకు ముందే చూపించాలి. పగలు ఇంట ఉండే దాదీలూ నానీలూ ఇందుకు కాదనరు. వంతుల పట్టీ రాసేటప్పుడు మాత్రం మొదట తండ్రుల పేర్లు రాయండి.