కేటీఎం మూతపడుతుందా? రేసింగ్ టీముల పుకార్ల వెనుక అమ్మకాల లెక్క

ఆదోని, ఎమ్మిగనూరులో బైకులంటే పడిచచ్చే కుర్రాళ్లు ఎక్కడ నలుగురు చేరినా ఈ మాట వినిపిస్తోంది. "కేటీఎం దివాలా తీసిందంట భాయ్, రేసింగ్ టీములు కూడా ఎత్తేస్తారంట." ఆ మాట నమ్మి ఉన్న డ్యూక్ బండిని వచ్చిన ధరకు అమ్మేద్దామనేవాళ్లు కొందరు. ఇదే అదను, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కొట్టేద్దామనేవాళ్లు ఇంకొందరు. కంతులు కట్టే అబ్బాకు, పిల్లోడు ఇల్లు చేరేదాకా కళ్లు మూయని అమ్మీకి మాత్రం అసలు సంగతి ఎవరూ చెప్పరు. అందుకే ఈ పుకారులో నిజమెంతో చూద్దాం.

టీముకూ అమ్మకాలకూ సంబంధం ఏమిటి?

మోటోక్రాస్ అంటే మట్టి ట్రాక్ మీద, దిబ్బల మీదుగా ఎగురుతూ సాగే బైక్ రేసు. కేటీఎం, హోండా, యమహా, కవాసాకి లాంటి కంపెనీలు ఇందులో సొంత టీములు నడుపుతాయి. ఆ ఖర్చు వాళ్లకు ప్రకటన కిందే లెక్క. గెలిచిన బండిని చూసి జనం షోరూమ్‌కు వస్తారని ఆశ. అమ్మకాలు బాగుంటే టీముకు డబ్బు వస్తుంది. షోరూముల్లో బండ్లు కదలకపోతే, ముందుగా అనుమానం వచ్చేది టీము మీదే. రేసింగ్ పుకార్లలో చాలా భాగం పుట్టేది ఇక్కడే.

కేటీఎంకు ఏం జరిగింది?

కేటీఎం ఆస్ట్రియా కంపెనీ. కరోనా రోజుల్లో అమెరికా, యూరప్‌లలో జనం డర్ట్ బైకులు ఎగబడి కొన్నారు. ఆ గిరాకీ అలాగే ఉంటుందనుకుని కంపెనీ తయారీ తగ్గించలేదు. తర్వాత వడ్డీలు పెరిగాయి, కొనేవాళ్లు తగ్గారు. చివరికి ప్రపంచవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోకుండా నిలిచిపోయాయి. పత్తి ధర పెరిగిందని సరుకంతా గోదాములో నింపుకుని, ధర పడిపోయాక అప్పు తీర్చలేక కూర్చున్న వ్యాపారి పరిస్థితి లాంటిదే ఇది.

2024 నవంబరు 29న కేటీఎం ఆస్ట్రియా కోర్టులో దివాలా ప్రక్రియకు దరఖాస్తు చేసింది. అయితే అది కంపెనీని మూసేసే దరఖాస్తు కాదు. అప్పులను సర్దుబాటు చేసుకుని నిలదొక్కుకోవడానికి గడువు అడగడం. ఫ్యాక్టరీ కొన్ని నెలలు ఆగి ఆగి నడిచింది. 2025 ఫిబ్రవరిలో అప్పులిచ్చినవాళ్లు తమకు రావాల్సిన దాంట్లో 30 శాతం తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

ఆ డబ్బు తెచ్చింది మన దేశపు బజాజ్ ఆటో. 2007లో 14.5 శాతం వాటాతో కేటీఎంలోకి వచ్చిన బజాజ్, ఈసారి మొత్తం 80 కోట్ల యూరోల సాయం ఏర్పాటు చేసింది. 2025 నవంబరు నాటికి కంపెనీ పగ్గాలు బజాజ్ చేతికి వచ్చాయి.

పుకార్లలో ఏది నిజం, ఏది కాదు?

రేసింగ్ ఆపేస్తారన్న మాట పూర్తిగా గాలి కబురు కాదు. రోడ్డు రేసుల్లో పెద్దదైన మోటోజీపీ నుంచి తప్పుకోవాలన్న ఆలోచన దివాలా ప్రక్రియ సమయంలో బయటికి వచ్చింది. కానీ 2025లో కేటీఎం టీము ఆ రేసుల్లో దిగింది. ఇంకో విచిత్రం చూడండి. కంపెనీ కోర్టు గుమ్మంలో ఉండగానే, 2025 జనవరిలో సౌదీ అరేబియాలో జరిగిన డాకర్ ర్యాలీని కేటీఎం బండి మీద డేనియల్ శాండర్స్ గెలిచాడు.

రైడర్లు టీములు మారడాన్ని కూడా జనం మూసివేతకు గుర్తు అనుకుంటారు. అమెరికాలో చేస్ సెక్స్‌టన్ 2026 సీజన్‌కు కేటీఎం వదిలి కవాసాకికి వెళ్లాడు. అదే సీజన్‌కు హోర్హే ప్రాడో కవాసాకి నుంచి కేటీఎంకు వచ్చాడు. ఇలా టీములు మారడం ఈ ఆటలో మామూలే.

మన ఇంటి ముందున్న డ్యూక్ సంగతి?

ఇక్కడ తిరిగే డ్యూక్ బండ్లు ఆస్ట్రియా నుంచి రావు. 2012లో మన దేశంలో అమ్మకం మొదలైనప్పటి నుంచి పుణె దగ్గర చాకన్‌లోని బజాజ్ ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. ఆస్ట్రియా ఫ్యాక్టరీ ఆగిన నెలల్లోనూ చాకన్ వేరుగా నడిచింది. కాబట్టి కంపెనీ పోయింది, స్పేర్ పార్టులు దొరకవు అనే భయంతో బండిని నష్టానికి తెగనమ్మాల్సిన పని లేదు. తక్కువకు వస్తోందని ఎగబడి కొనాల్సిన పనీ లేదు. కొనేటప్పుడు ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బకాయి చూసుకోవడం ముఖ్యం.

డర్ట్ బైక్ వేరు, రోడ్డు బండి వేరు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. నిజమైన మోటోక్రాస్ బండికి హెడ్‌లైట్ ఉండదు, అద్దాలు ఉండవు, ఇండికేటర్లు ఉండవు. రిజిస్ట్రేషన్ కాదు. ట్రాక్ మీద తప్ప రోడ్డు మీద నడపకూడదు. ఇటీవల మన దేశంలో అమ్మకానికి వచ్చిన కేటీఎం పెద్ద మోటోక్రాస్ బండ్ల ధర పది లక్షలకు అటూ ఇటూ ఉంది. పిల్లలు తొక్కే చిన్న బండే నాలుగు లక్షలు దాటింది.

అలాంటి బండి ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ ఆదుకోదు. పరిహారం ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. నడిపింది 18 ఏళ్లలోపు పిల్లోడైతే, మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

మట్టిబాట మీద, గుట్టల దారిలో నడపాలనే కోరిక ఉన్నవాళ్లకు హీరో ఎక్స్‌పల్స్ లాంటి బండ్లు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అవుతాయి, రోడ్డు మీదా చెల్లుతాయి. వాటికైనా లైసెన్సు, మంచి హెల్మెట్ తప్పనిసరి.

నిజంగా ఇష్టం ఉంటే?

దారి లేకపోలేదు. బెంగళూరుకు చెందిన సీఎస్ సంతోష్ 2015లో డాకర్ పూర్తిచేసిన తొలి భారతీయుడు. కేరళ యువకుడు హరిత్ నోవా 2024 డాకర్‌లో 11వ స్థానంలో నిలిచాడు. అదే ఏడాది మన హీరో కంపెనీ టీము రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానం సాధించాడు. పుణెలో మొదలైన ఇండియన్ సూపర్‌క్రాస్ లీగ్ 2025 డిసెంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం దాకా వచ్చింది. ఇక్కడ రేసుల్లో దిగాలంటే జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య లైసెన్సు కావాలి. ఇక ప్రతి టీముకూ రైడరు ఎంత అవసరమో, ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్ అంతే అవసరం. షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈసారి ఫోనులో "టీము మూసేశారంట" అని కనిపిస్తే కంగారు పడకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట కంపెనీ చెప్పిందా, ఎవరో అన్నారా? షోరూముల్లో బండ్లు కదులుతున్నాయా? మన బండి తయారయ్యేది ఎక్కడ? ఈ మూడింటికి జవాబు దొరికాకే బండి అమ్మడమో, కొనడమో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.